దుంపపిండి వెంట కోటప్పకొండ దాకా

మా పెద్దాపురం మెట్టలో పుట్టినవాళ్ళకి కర్రపెండలం దుంప గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు బడి నించి రాగానే ఉప్పేసి ఉడకబెట్టిన ముక్కలు తిని పెరిగాం. మా ఆయన వీర్రాజు గారు పెళ్ళినాటి నించీ ఆ దుంపతోనే బతుకుతున్నారు. మిల్లుల్లో తయారైన దుంపపిండినీ, సగ్గుబియ్యాన్నీ ఊరూరా అమ్మిపెట్టడం ఆయన పని. పిండి బస్తాలు లారీ ఎక్కడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. దిగినచోట వాటిని ఏం చేసుకుంటారో మాత్రం ఒక్కసారీ చూడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మాఘమాసంలో, ఆయన గుంటూరు వైపు ఖాతాదార్లని కలవడానికి బయల్దేరారు. నేనూ వస్తానన్నాను. "పిండి చూడ్డానికి ఎవరైనా అంత దూరం వస్తారా?" అన్నారు. "కోటప్పకొండ శివరాత్రి చూడ్డానికి వస్తాను" అన్నాను. దేవుడి పేరెత్తితే ఆయనకి నోరు లేవదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నా సామాన్లలో ముఖ్యమైనవి మూడు. పంచిపెట్టడానికి ఒక గోనెసంచి పచ్చి దుంపలు, ఒక గుడ్డసంచిలో మెత్తటి పిండి, ఇంకో పొట్లంలో సగ్గుబియ్యం. పిండీ సగ్గుబియ్యమూ శివరాత్రి ఉపవాసానికి. మా ఇంట్లో ఉపవాసమంటే అన్నం మానేయడమే గానీ నోరు కట్టేసుకోవడం కాదు. పిండితో అట్లు, సగ్గుబియ్యంతో పాయసం, ఆ పైన శివుడు.

గుంటూరులో పరువు పోయింది

గుంటూరులో మొదట వెళ్ళింది ఒక అట్టపెట్టెల కార్ఖానాకి. యజమాని భార్యకి దుంపలు ఇచ్చి, ఎలా వండాలో ఎంతో గొప్పగా చెప్పాను. ఆవిడ కత్తిపీట తెచ్చి ఒక దుంప కోసింది. లోపలంతా నల్లటి గీతలు. ఇంకోటి కోసింది, అదీ అంతే. భూమిలోంచి తీసిన దుంప రెండు మూడు రోజులకి మించి ఆగదు. ఆ సంగతి తెలిసీ పాత దుంపలు మోసుకొచ్చాను. "మీ వైపు ఇట్టానే తింటారా అండీ?" అని ఆవిడ మర్యాదగానే అడిగింది. గోనెసంచి మొత్తం వాళ్ళ పెంటకుప్ప మీదికి పోయింది. ఆ రోజంతా మా ఆయన మొహంలో దాచుకోలేని సంతోషం.

కార్ఖానాలో ఒక పనివాడు పెట్టె మూల విప్పి చూపించాడు. రెండు పలచటి అట్టల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం. ఆ మూడింటినీ పట్టి ఉంచేది మా పిండే. పిండిని నీళ్ళలో కలిపి కాస్తే తెల్లదనం పోయి, గాజులాగా నిగనిగలాడుతూ సాగుతుంది. మా అమ్మ జ్వరం వచ్చినప్పుడు పట్టించే జావ సరిగ్గా అలాగే ఉండేది. ఈ జావ రంగు మాత్రం నీలం. ఏం కలిపారని అడిగాను.

"మైలుతుత్తం అండీ, విషం. అది లేకపోతే ఎలకలు, బొద్దింకలు పెట్టెల్ని బతకనీయవు. ఎంత జిగురైనా తిండి వాసన తిండి వాసనే గదా" అన్నాడతను.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మనం దాన్ని జిగురు అని పిలిచినంత మాత్రాన ఎలక ఒప్పుకోదు.

మధ్యాహ్నం ఇరవై రూపాయల భోజనం. ఆకులో వడ్డించిన పండుమిరప పచ్చడి ఎర్రగా అమాయకంగా కనిపించింది. మా గోదావరి వాళ్ళం ఆవకాయలోనే ఇంత బెల్లం వెతుక్కునే రకం. మొదటి ముద్దకే చెవులు మూసుకుపోయాయి. వడ్డించే ఆయన నెయ్యి గిన్నె తెచ్చి, "కారం తక్కువేనండీ ఇయ్యాల" అన్నాడు. అతను వెక్కిరిస్తున్నాడో ఓదారుస్తున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చీరాల వీధిలో

చీరాలలో పొద్దున్నే ఒక నేతవాళ్ళ వీధికి వెళ్ళాం. వీధి పొడుగునా పడుగు చాపి ఉంది, అంటే మగ్గానికి ఎక్కించబోయే నిలువు దారాలన్న మాట. దానికి అటూ ఇటూ మనుషులు కుంచెలతో గంజి రాస్తూ ముందుకీ వెనక్కీ నడుస్తున్నారు. ఎండ ముదరకముందే పని అయిపోవాలట. గంజి లేని దారం మగ్గం దెబ్బకి తెగిపోతుంది.

ఒక పెద్దావిడ అన్నం వార్చిన గంజి గిన్నె పట్టుకుని గడపలో నిలబడింది. అందులో సగం ఒక లోటాలో పోసి, ఉప్పేసి భర్తకి ఇచ్చింది. మిగతా సగం దారాల గంజిలో కలిపింది. మా ఆయన తన పిండి గొప్పతనం మొదలుపెట్టారు. ఆవిడ అంతా విని, "మీ పిండీ కలుపుతాంలేండి, మంచిదే. కానీ ఇది రోజూ వండుకునేదే గదా, కొనక్కర్లా" అంది. మా ఆయన బేరం అక్కడితో ఆగిపోయింది. నాకు మాత్రం కడుపుకీ నూలుకీ ఒకే గిన్నె వాడే ఆ ఇల్లు చాలా నచ్చింది.

అక్కణ్ణించి ఇంకొల్లు మీదుగా మార్టూరు. దారంతా పొలాల్లో ఎర్రటి చాపలు పరిచినట్టు మిరప కళ్ళాలు. బస్సులో ప్రతివాళ్ళూ తుమ్ముతున్నారు, కండక్టరు తప్ప. మార్టూరులో బస్సు మారాలి. ఆ కాస్త వ్యవధిలో కూడా మా ఆయన ఊరుకోలేదు. రాళ్ళకి పాలిష్ పట్టే షెడ్డులోకి వెళ్ళి, మీకు దుంపపిండి ఏమైనా పనికొస్తుందా అని అడిగారు. ఒళ్ళంతా తెల్లటి రాతిపొడితో ఉన్న పనివాడు ఆయన్ని కాసేపు చూసి, "రాయికి గంజి పెడతారా అండీ ఎవరన్నా?" అన్నాడు. నా దుంపలు కుళ్ళినందుకు ఆయన సంతోషపడ్డ సంగతి నేను అక్కడితో క్షమించేశాను.

మస్తాన్ వెంట

హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. చిలకలూరిపేట చేరేసరికి ఇద్దరం దుమ్ములో దొర్లినట్టున్నాం. పేటలో మా ఆయనకి మస్తాన్ అని ఒక పాత ఖాతాదారు ఉన్నాడు. పుస్తకాలు బైండు చేస్తాడు. దూదేకుల వాళ్ళబ్బాయి, నలభై దాటి ఉంటాయి. మర్నాడు శివరాత్రి. మేం వెళ్ళేసరికి అతను షాపు తలుపులు దగ్గరికి వేస్తున్నాడు.

"ఇయ్యాల బైండింగు లేదండీ అన్నగారూ. కోటయ్య బాబాయ్ వాళ్ళ ప్రభ కట్టాలి. మీ శాంపిల్ బస్తా తీసుకుని మీరూ రండి, అమ్మగారు ప్రభ కట్టడం చూస్తారు" అన్నాడు.

ప్రభ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వెదురు గడలతో ఎత్తుగా చట్రం కట్టి, గుడ్డా రంగుకాగితాలూ అతికించి, అలంకరించి, శివరాత్రికి కోటప్పకొండ కిందికి తోలుకెళతారు. పెద్ద ఊళ్ళవాళ్ళవి మేడల కన్నా ఎత్తుంటాయి. మొక్కు ఉన్న ఇళ్ళవాళ్ళు చిన్నవి కట్టుకుని ఎడ్లబండి మీద పెట్టుకెళతారు. కోటయ్య గారిది చిన్న ప్రభ. మా వైపు మొక్కులకి తలనీలాలిస్తాం, కొబ్బరికాయలు కొడతాం గానీ, ఇలా ఒక నిలువెత్తు వస్తువును చేత్తో తయారుచేసి దేవుడి దగ్గరికి నడిపించుకు వెళ్ళడం నేనెక్కడా చూడలేదు.

పేట పక్క పల్లెలో కోటయ్య గారి ఇంటి ముందు బండి మీద వెదురు చట్రం నిలబెట్టి ఉంది. కోటయ్య గారు సన్నగా, పొడుగ్గా ఉంటారు. మాట తక్కువ. భార్య శేషమ్మ నన్ను చూడగానే "రా వదినా" అని చెయ్యి పట్టుకుంది. మొదటి మాటకే వరస కలిపేశాక నేనింక కొత్తదాన్ని ఎలా అవుతాను.

మస్తాన్ వాకిట్లో పొయ్యి పెట్టి మా పిండిని సత్తు డేగిసాలో కాచాడు. మైలుతుత్తం వేయవా అని అడిగాను, కొత్తగా నేర్చుకున్న విద్య కదా. "పుస్తకాలకైతే వేస్తానండీ. ప్రభకి ఎయ్యగూడదు. ఎడ్లు పక్కనే ఉంటయ్, నాకుతయ్" అన్నాడు. కింద భాగం అతికించడం కోటయ్య గారికి అప్పజెప్పి, ఇంకొన్ని కాగితాలు తేవడానికి సైకిలెక్కి పేటకి వెళ్ళాడు. మా ఆయన అరుగు మీద నిద్రపోయారు. నేను శేషమ్మతో పక్కనున్న మిరప కళ్ళంలో తాలుకాయలు, అంటే రంగు పోయిన కాయలు, ఏరడానికి వెళ్ళాను.

ఏరుతూ ఏరుతూ ఆ చేత్తోనే కన్ను రుద్దుకున్నాను. తర్వాత జరిగింది చెప్పుకోదగ్గది కాదు. శేషమ్మ నవ్వుతూనే నా జుట్టు కొసతో కన్ను అద్దింది, కాస్త నయమైంది. ఆ కన్నీళ్ళ మధ్యే ఆవిడ తన మొక్కు సంగతి చెప్పింది.

కిందటేడు కోటయ్య గారు పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయారు. నోట్లో నురగ. బండి మీద వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. బతికారు. ఇంకోసారి ఆ మందు ఒంటికి తగిలితే ఇక మేమేం చేయలేమని డాక్టరు చెప్పాడు. ఈయన బతికితే ప్రభ కట్టిస్తానని శేషమ్మ ఆ రోజే మొక్కుకుంది. ఇంటికొచ్చాక, వాకిట్లో నిలబడి, కొండ వైపు తిరిగి, ఇక మందు ముట్టనని ఆయన చేత చెప్పించింది. పత్తి మానేశారు. ఈ ఏడు శనగ వేశారు.

"ఉన్న మందంతా పారబోశానన్నాడు వదినా. ఈ ప్రభ కొండకి చేరిందంటే నాకు గుండె నిమ్మళం" అంది.

ఆ వాసన

సాయంత్రం మేం వాకిట్లోకి వచ్చేసరికి ప్రభ సగం దాకా ఎర్రగా, పచ్చగా, ఆకుపచ్చగా మెరుస్తోంది. నేను బాగుందని అనబోయాను. శేషమ్మ ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. అప్పుడు నాకూ తెలిసింది. దారి పొడుగునా పత్తిచేల పక్కన బస్సు వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి కొట్టిన ఘాటైన మందు వాసన. అది ప్రభలోంచి వస్తోంది.

"ఏవయ్యా, జిగురులో ఏం కలిపావు?" అని అడిగింది.

కోటయ్య గారు కుంచె పట్టుకునే నిలబడ్డారు. "చీమలు బారులు కట్టినయ్యే. తెల్లారేసరికి కాగితాలన్నీ కొరికేస్తయ్యని, ఒక్క మూతెడు…"

"డబ్బా యాడిది?"

ఆయన వంగి కుంచెని డేగిసాలో పెట్టారు.

"పారబోశానన్నావు గదా. యాడిది?"

"కొట్టం చూరులో పెట్టా. శనగకి పురుగొస్తదేమోనని."

"వస్తే కొట్టేవాడివా?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. "చెయ్యి దానంతటదే పోయిందే" అన్నారు చివరికి.

అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. అక్కడ పురుగు కనిపిస్తే మందు, ఆకు ముడిస్తే మందు, అనుమానం వస్తే మందు. ఏళ్ళ తరబడి చూరులోకి వెళ్ళిన చెయ్యి, మొక్కుకున్నది ఎవరి కోసమో ఆగి ఆలోచించలేదు. మందు చేతిలో చావు తప్పించుకున్నందుకు కట్టిన ప్రభకి ఆ మందే పూశారు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపమే ముందొచ్చింది.

అంతలో మస్తాన్ వచ్చాడు. వస్తూనే వాసన పట్టి, సైకిలు వదిలేసి, "ఎడ్లు నాకలా గదా?" అంటూ పరిగెత్తాడు. అదృష్టం బాగుండి అవి కొట్టం అవతల కట్టేసి ఉన్నాయి. తర్వాత కోటయ్య గారిని తొట్టి దగ్గరికి లాక్కెళ్ళి, మోచేతుల దాకా సబ్బుతో కడిగించాడు. "నీకేమన్నా అయితే పిన్నికి నేనేం చెప్పాలి బాబాయ్" అని తిడుతూనే నీళ్ళు పోశాడు.

శేషమ్మ ఏడవలేదు, అరవలేదు. "ఈ ప్రభ నా వాకిట్లోంచి కదలదు" అని మాత్రం అంది. మొక్కు తీరకపోతే ఆయనకేమవుతుందోనని భయం, విషం పూసింది దేవుడికి చూపిస్తే ఇంకేమవుతుందోనని మరో భయం. రెండూ ఆవిడ మొహంలో కనిపిస్తూనే ఉన్నాయి. మా ఆయన ఓదార్చబోయి, ఏం చెప్పాలో తెలియక, మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు.

అన్నం వండే గిన్నె

ఆ రాత్రి మేం వాళ్ళింట్లోనే పడుకున్నాం. తెల్లవారి లేచేసరికి ప్రభ మీద ఒక్క కాగితం లేదు. కోటయ్య గారు ఒక్కరే చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని అన్నీ ఊడదీసి, వెదురు గడలు కడిగి, బావికి దూరంగా బంజరులో గొయ్యి తవ్వారు. కాగితాలు, కుంచె, డేగిసా అన్నీ అందులో వేశారు. తర్వాత శేషమ్మ చూస్తుండగా చూరులోంచి డబ్బా తీసి అందులో పడేసి మట్టి కప్పారు. ఆవిడ ఆఖరి పార మట్టి పడేదాకా అక్కడే నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"వదినా, మీ సంచిలో పిండి ఉంది గదా?"

మా శాంపిల్ బస్తాలో మిగిలిన కాస్తా వాసన పట్టి గోతిలోకే పోయింది. ఊళ్ళో కొట్టులో మైదా అంతా మిగతా ప్రభలవాళ్ళు ముందే కొనుక్కుపోయారు. ఉన్నది నా ఉపవాసం సంచి ఒక్కటే. అట్లూ పాయసమూ ఒక్క క్షణం నా కళ్ళ ముందు తిరిగాయని చెప్పకపోతే అబద్ధం అవుతుంది. పిండీ ఇచ్చాను, సగ్గుబియ్యమూ ఇచ్చాను. బాగా ఉడికితే సగ్గుబియ్యం కూడా మంచి జిగురే.

శేషమ్మ లోపలికి వెళ్ళి తన అన్నం గిన్నె తెచ్చింది. మస్తాన్ తటపటాయించాడు. "అన్నం గిన్నె ఎందుకు పిన్నీ, జిగురుకి?"

"ఇందులోనే కాచండి. అన్నం గిన్నెలో ఎవరూ మందు కలపరు గదా" అంది. కోటయ్య గారు అక్కడే ఉన్నారు. విన్నారు.

జావ కాచడం నాకు తెలిసిన పనే కాబట్టి గరిట నేను తీసుకున్నాను. కలుపుతూ శేషమ్మకి మా దుంప సంగతి చెప్పాను. పచ్చి దుంపలోనూ విషం ఉంటుంది, పిల్లల్ని పచ్చివి కొరకనివ్వం. తొక్క తీసి, తురిమి, నీళ్ళు పోసి కడిగి, పాలు పేరుకున్నాక పైనీళ్ళు పారబోసి, ఎండబెడితే ఈ తెల్లటి పిండి వస్తుంది.

ఆవిడ గిన్నెలోకి చూస్తూ, "కడిగితే పోయేదైతే ఇంకేం కావాలి వదినా" అంది.

రంగుకాగితాలూ ముందురోజు పేటలో దొరకలేదు. మస్తాన్ షాపుకి వెళ్ళి పుస్తకాల అట్టలకి వేసే ముదురు నీలం కాగితం కట్టలు తెచ్చాడు. ఉన్నది ఆ ఒక్క రంగే. అందరం కలిసి అతికించాం. మా ఆయన ఇన్నేళ్ళలో పిండి అమ్మడమే గానీ పూయడం అదే మొదటిసారి. జుట్టుకీ మీసానికీ పూసుకున్నారు. ఎండకి జిగురు తొందరగానే ఆరింది.

కొండ కింద

మధ్యాహ్నం బండి కదిలింది. కొండకి వెళ్ళే దారులన్నీ జనం, బళ్ళు, ట్రాక్టర్లు. మా ముందూ వెనకా వెళ్ళే ప్రభలు తళుకులతో, అద్దాలతో, దీపాలతో పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. వాటి మధ్య మాది బడిపిల్లల నోటుబుక్కులా నీలంగా, బుద్ధిగా నడుస్తోంది. ఎవరో కుర్రకారు "ఒరేయ్, ఇదేం ప్రభరా, లెక్కల పుస్తకమా?" అని అరిచారు. మస్తాన్ నవ్వాడు. శేషమ్మ పట్టించుకోలేదు. నాకు ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. నిజమైన ఉపవాసం చేయడం నా జన్మలో అదే మొదలు. అరటిపళ్ళ బండి కనిపించిన ప్రతిసారీ శేషమ్మ వైపు చూశాను. ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను పండు కొనుక్కోలేకపోయాను.

పొద్దు వాలేవేళకి కొండ కిందికి చేరాం. బండి నిలిపి, కాడి దించి, ఎడ్లని చక్రానికి కట్టారు. శేషమ్మ ప్రభ ముందు కొబ్బరికాయ కొట్టి, కొండ వైపు తిరిగి చాలాసేపు దణ్ణం పెట్టుకుంది. పక్కనే కోటయ్య గారు. ఈసారి ఆయన చేత ఎవరూ ఏమీ చెప్పించలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

అప్పుడు ఎడమవైపు ఎద్దు మెడ చాచి ప్రభ అంచు నాకింది. నీలం కాగితం తడిసి చిన్న ముక్క ఊడింది. కోటయ్య గారు ఒక్క ఉదుటున వెళ్ళి పలుపుతాడు పట్టి వెనక్కి లాగారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎద్దు బెదిరి బండి కదిలింది.

శేషమ్మ కళ్ళు తెరిచి చూసింది.

"ఎందుకయ్యా లాగుతావు? తిననీ. అందులో ఏం లేదు గదా" అంది.

ఆయన ఆవిడ వైపు చూశారు, తర్వాత ప్రభ వైపు. తాడు మెల్లగా వదులు చేశారు. ఎద్దు మళ్ళీ ముందుకొచ్చి అంచంతా నాకి, కాగితం చీల్చుకుని నమలడం మొదలుపెట్టింది. కోటయ్య గారు దాని మెడ మీద చెయ్యి వేసి, అది తినడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.